భయమును చూచి నవ్వవచ్చునా?

ధ్యానమునకు: సామెతలు 26:18, 19, లూకా 8:49–56



అక్టోబరు నెల ముగియు దినములలో మన పల్లెలకుకూడ ఇప్పుడు ఒక క్రొత్త ప్రశ్న వచ్చుచున్నది. మన బిడ్డలలో కొందరు ఉద్యోగముల నిమిత్తము అమెరికా దేశమునకు వెళ్లిరి. వారి పిల్లలు అక్కడనే పుట్టి పెరుగుచున్నారు. ఆ మనుమలు అక్టోబరు 31వ తేది సాయంకాలమున దయ్యమువలెను, ఎముకల గూడువలెను, మంత్రగత్తెవలెను వేషములు వేసికొని, ఇంటింటికి పోయి మిఠాయిలు అడుగుచున్న ఫోటోలు ఇక్కడి అవ్వ తాతల ఫోనులకు చేరుచున్నవి. ఆ పండుగనాళ్లలో అక్కడి టెలివిజన్‌వారు చూపు హాస్య నాటికలును మన యౌవనస్థుల కంటబడుచున్నవి.

వీటిని చూచి పెద్దలలో ఒకరు, "ఇది సాతాను పండుగ, దీనిని చూచుటయే పాపము" అందురు. మరియొకరు, "పిల్లల ఆట, దీనిలో తప్పేమున్నది?" అందురు. ఇద్దరును ప్రభువును ప్రేమించువారే. అయితే ఇద్దరును అసలు ప్రశ్నను దాటిపోవుచున్నారని మాకు తోచుచున్నది. ఆ ప్రశ్న ఇది: మనుష్యులు భయపడు సంగతులను, అనగా చీకటిని, దయ్యమును, మరణమును చూచి క్రైస్తవుడు నవ్వవచ్చునా? నవ్వవచ్చునంటే ఏ నవ్వు? కూడదంటే ఏ నవ్వు? ఈ సంగతిని అమెరికావారి నాటికలలో ఎక్కువమంది మెచ్చుకొనిన కొన్నిటిని పట్టుకొని ప్రార్థనాపూర్వకముగా ఆలోచింతము.

పండుగ ఎక్కడనుండి వచ్చెను?

హాలోవీన్ అను మాటకు సకల పరిశుద్ధుల దినమునకు ముందటి సాయంకాలము అని అర్థము. ఎనిమిదవ శతాబ్దములో మూడవ గ్రెగొరీ అను పోపు రోమాపురిలోని పేతురు దేవాలయమునందు ఒక ప్రార్థనా మందిరమును పరిశుద్ధులందరి పేరట ప్రతిష్ఠించెను. తొమ్మిదవ శతాబ్దములో నవంబరు 1వ తేది పండుగ పశ్చిమ ఐరోపా అంతట వ్యాపించెను. ఐర్లాండు, స్కాట్లాండు దేశములలో చలికాలపు ఆరంభమున ప్రజలు పూర్వమునుండి జరుపుకొనుచుండిన పండుగ ఆచారములు కొన్ని దీనితో కలిసిపోయెను. అక్కడివారు దుంపలను తొలిచి వాటిలో దీపము పెట్టుచుండిరి. 19వ శతాబ్దములో కరవుచేత ఐర్లాండు విడిచి అమెరికాకు వలసపోయినవారు ఆ ఆచారమును తమతో తీసికొనిపోయిరి. అక్కడ గుమ్మడికాయ దొరికెను గనుక దుంపకు బదులు గుమ్మడికాయను తొలిచిరి.

ఇదే అక్టోబరు 31వ తేదిని 1517వ సంవత్సరమున మార్టిన్ లూథరు గారు విట్టెన్‌బర్గు పట్టణమున తన 95 వాదాంశములను ప్రకటించెను. 1842లో హయ్యరు గారు గుంటూరులో పని మొదలుపెట్టిన లూథరను సంఘములవారికి ఇది సంస్కరణ దినము. ఒకే సాయంకాలమున ఒక ఇంట గుమ్మడికాయ దీపమును, మరియొక ఇంట సంస్కరణ కీర్తనయు ఉండుట వింత కాదు. తేది ఎవరి సొత్తును కాదు. ఆ దినమున మనము ఏమి చేయుదుమో అదియే దేవుడు చూచును.

దీనికి ఒక మంచి దృష్టాంతము కలదు. 1950లో ఫిలడెల్ఫియాలో క్లైడ్ ఆలిసన్ గారను ప్రెస్బిటేరియను సేవకుడును, ఆయన భార్య మేరీ ఎమ్మా గారును, పిల్లలు ఆ రాత్రి మిఠాయిలకు బదులు పేద దేశముల బిడ్డలకొరకు డబ్బు అడుగునట్లు ఏర్పాటు చేసిరి. అలంకరించిన పాల డబ్బాలలో మొదటిసారి చేరినది 17 డాలర్లు మాత్రమే. ఆ చిన్న పని ఐక్యరాజ్య సమితి బాలల సంస్థకు ప్రతి సంవత్సరము జరుగు చందాగా పెరిగెను. వారు పండుగను శపించి ఊరకుండలేదు; దానికి లోబడి ఊరకుండను లేదు. చేతిలో నున్న డబ్బాను మార్చిరి.

లేఖనములలో నవ్వు

టెలివిజన్ క్రొత్తగా వచ్చిన 1950 ప్రాంతములనుండియు అక్కడి హాస్య నాటికలవారు ఈ రాత్రికి ప్రత్యేకముగా ఒక కథ కట్టుచున్నారు. 1990లో సింప్సన్సు అను బొమ్మల నాటికలో భయానక కథల హాస్యము మొదలుపెట్టినప్పుడు ఆ ఇంటి తల్లి తెరమీదికి వచ్చి, ఇది పిల్లలను బెదరించునదిగా నున్నది, పెద్దలు వారిని ముందే పండుకొనబెట్టుట మేలని హెచ్చరించును. అదియు హాస్యముగానే చెప్పబడెను గాని ఆ తల్లి మాటలో న్యాయము కలదు. ఎవరు చూడవచ్చునో ఎవరు చూడకూడదో తలిదండ్రులే నిర్ణయింపవలెను. ఆ పనిని ఫోనుకు అప్పగించుట తగదు.

అయితే నవ్వు దానంతట అది పాపమా? కాదు. నవ్వుటకు ఒక కాలము కలదని ప్రసంగి చెప్పెను (3:4). దేవునిమీద కుట్ర పన్ను రాజులను చూచి పరలోకమందున్నవాడు నవ్వునని రెండవ కీర్తన చెప్పుచున్నది. కర్మెలు పర్వతముమీద బయలు ప్రవక్తలు ఉదయమునుండి కేకలు వేయుచుండగా, మీ దేవుడు నిద్రపోవుచున్నాడేమో, గట్టిగా లేపుడని ఏలీయా వారిని ఎగతాళి చేసెను (1 రాజులు 18:27). అపొస్తలుడైన పౌలు మరణము ఎదుటనే నిలిచి, నీ విజయమెక్కడ, నీ ముల్లు ఎక్కడ అని దానిని వెక్కిరించెను (1 కొరింథీ 15:55). లూథరు గారు సాతాను శోధనలను అనేకమారులు పరిహాసముతో త్రోసివేసిరని ఆయన భోజన సంభాషణలను వ్రాసిపెట్టినవారు తెలిపిరి.

అయితే వీరందరు నవ్వినది దేనిని ఆధారము చేసికొని? ఏలీయా జీవముగల దేవుని నమ్మి నవ్వెను. పౌలు తెరవబడిన సమాధిని నమ్మి నవ్వెను. ఆ ఆధారము లేక, స్కెవ కుమారులు యేసు నామమును అరువు తెచ్చుకొని దయ్యములతో ఆటలాడబోయి గాయపడి దిగంబరులై పారిపోయిరి (అపొ. కార్య. 19:13–16). గనుక చీకటిని చూచి నవ్వువాడు తాను ఎవరి బలముతో నవ్వుచున్నాడో మొదట ఎరుగవలెను.

గుమ్మడి తోటలో కాచుకొనిన బాలుడు

1966 అక్టోబరు 27న ఒక బొమ్మల నాటిక అమెరికా టెలివిజన్‌లో ప్రసారమాయెను. దానిని వ్రాసిన చార్లెస్ షుల్జు గారు సంఘములో బైబిలు తరగతులు బోధించినవాడు. కథ చాల చిన్నది. లైనస్ అను బాలుడు, హాలోవీన్ రాత్రి మహా గుమ్మడికాయ తోటలోనుండి లేచి మంచి పిల్లలకు బహుమానము లిచ్చునని నమ్మును. తోటి పిల్లలు నవ్వుదురు. అక్క లూసీ అందరికంటె ఎక్కువగా నవ్వును. తక్కినవారు మిఠాయిలకు పోగా అతడు చలిలో తోటయందు కూర్చుండును. అతనిని నమ్మి సాలీ అను చిన్నది తన మిఠాయిలు మానుకొని అతనితో కూర్చుండును. చీకటిలో ఏదో లేచినట్లు కనబడగా బాలుడు మూర్ఛపోవును; చూడగా అది కుక్కయే. సాలీ కోపముతో వెళ్లిపోవును. మహా గుమ్మడికాయ రానే రాలేదు.

ఇక్కడ మనము నవ్వుదుము. అయితే నవ్వుచుండగనే మనస్సులో ఒక ముల్లు గుచ్చుకొనును. ఆ బాలునికి ఆసక్తి కొదువ లేదు, యథార్థత కొదువ లేదు. నమ్మినది మాత్రము నమ్మదగినది కాదు. ఇశ్రాయేలీయులకు ఆసక్తి కలదు గాని జ్ఞానానుసారమైనది కాదని పౌలు దుఃఖముతో వ్రాసెను (రోమా 10:2). యథార్థముగా నమ్మితిని గనుక నేను నమ్మినది నిజమని చెప్పుట చాలదు. మన ఊళ్లలో తాయెత్తును యథార్థముగా నమ్మువారు లేరా? ఆదివారము ఆరాధనకు వచ్చి, సోమవారము బిడ్డకు జ్వరము రాగా సోదె చెప్పువారి గడప త్రొక్కువారు లేరా?

అయితే ఈ కథ అక్కడ ఆగదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లూసీ మేల్కొని తమ్ముని పడక చూచును; పడక ఖాళీగా నుండును. ఆమె లేచి, చలిలోనికి పోయి, తోటలో వణకుచు నిద్రించుచున్న తమ్ముని చేయిపట్టి ఇంటికి తెచ్చి, చెప్పులు విప్పి, దుప్పటి కప్పును. ఆ రాత్రి ఇండ్లకు తిరిగినప్పుడు కూడ, తోటలో కూర్చున్న తమ్మునికని సణుగుచునే మరియొక మిఠాయి అడిగి తీసికొనును. పగలు నవ్విన నోరు ఆమెదే. రాత్రి లేచిన కాళ్లును ఆమెవే. ఆమె నమ్మిక తమ్ముని నమ్మికవంటిది కాదు. అయినను తమ్ముడు ఆమె తమ్ముడే.

సహోదరులారా, పొరపాటు నమ్మికగల పొరుగువానిని చూచి నవ్వుట మనకు సులభము. అతని పడక ఖాళీగా నున్నదో లేదో నాలుగు గంటలకు లేచి చూచువారు మనలో ఎందరు?

వంకర ముక్కు ముసలమ్మ

రెండవ నాటిక 1964 అక్టోబరు నాటిది. బివిచ్డ్ అను ఆ ధారావాహికలో సమాంతా అను యువతి మంత్రశక్తులు గలదై యుండియు సాధారణ గృహిణిగా కాపురము చేయుచుండును. ఆమె భర్త ప్రకటనలు తయారు చేయువాడు. ఒక మిఠాయి వ్యాపారి హాలోవీన్ సరుకుకొరకు మంత్రగత్తె బొమ్మ గీయుమనును. ఎట్టి బొమ్మ? వికార రూపము గల ముసలిది. ఆ బొమ్మ చూచి సమాంతా దుఃఖపడును. మమ్మును లోకమంతయు ఇట్లే గీయుచున్నదని వగచును. భర్త ఆమె పక్షము వహించి వేరుగా గీయగా వ్యాపారి ఒప్పుకొనడు. కడపట మంత్రగత్తెలే రాత్రి వ్యాపారి యొద్దకు పోయి అతనిని బెదరించి దారికి తెత్తురు.

కల్పిత కథయే, మంత్రవిద్యను మెచ్చుకొనవలెనని మేము దీనిని చెప్పుటలేదు. ధర్మశాస్త్రము శకునము చెప్పుటను, చిల్లంగితనమును, చచ్చినవారియొద్ద విచారణ చేయుటను గట్టిగా నిషేధించుచున్నది (ద్వితీ. 18:10–12). అయితే ఆ నాటికలోని ఒక ప్రశ్న కల్పితము కాదు. లోకము మంత్రగత్తె అనగానే ఎవరి ముఖము గీయుచున్నది? ఒంటరిది, ముసలిది, బీదది, నోటిలో పండ్లు లేనిది, మాట సరిగా వినబడనిది.

ఆ ముఖము గీయుటచేత ఏమి జరుగునో సేలం పట్టణము ఎరుగును. అమెరికాలోని మసాచుసెట్సు ప్రాంతమున 1692లో, బైబిలు చేతబట్టుకొని ఆరాధనకు పోవు ప్రజలు, పొరుగువారిని మంత్రగత్తెలని నేరము మోపి 19 మందిని ఉరితీసిరి. గైల్స్ కోరీ అను వృద్ధుని రాళ్లక్రింద అణచి చంపిరి. చెరసాలలో చనిపోయినవారు మరికొందరు. వారిలో రెబెకా నర్సు అను 71 సంవత్సరముల భక్తురాలు కలదు. న్యాయసభవారు మొదట ఆమెను నిర్దోషియనిరి. నేరము మోపినవారు గొల్లున కేకలు వేయగా మరల ఆలోచించిరి. అప్పుడు ఆమెను ఒక ప్రశ్న అడుగగా చెవుడుచేతను దుఃఖముచేతను ఆమె వినలేదు, ఉత్తరమియ్యలేదు. ఆ మౌనమును దోషమని యెంచిరి. ఉరితీయకమునుపే సంఘము ఆమెను వెలివేసెను. ఆ వెలిని సంఘము తీసివేసినది 1712లో, అనగా ఇరువది సంవత్సరములకు. 1697లో సామ్యూల్ స్యూవల్ అను న్యాయాధిపతి బోస్టను దేవాలయములో లేచి నిలువగా, ఆ రక్తాపరాధమును గూర్చిన అతని ఒప్పుకోలును కాపరి సంఘమెదుట చదివెను. అతడు నిలుచుట మేలే. ఉరి తీయబడినవారు మాత్రము తిరిగి రాలేదు.

1970లో అదే బివిచ్డ్ నాటికలో కొన్ని భాగములను సేలం పట్టణమున చిత్రించిరి. 2005లో సమాంతా వేషము వేసిన నటి విగ్రహమును ఆ పట్టణమునందు నిలిపిరి. నిర్దోషులు చనిపోయిన చోట హాస్య నాటిక విగ్రహమేమని కొందరు అభ్యంతరము చెప్పిరి. న్యాయమైన అభ్యంతరమే. ఒకరి మరణస్థలము మరియొకరి వినోదస్థలము కాగలదు. అప్పుడు నవ్వు మతిమరపగును.

అయితే అమెరికావారిని తీర్పుతీర్చుటకు ముందు మన ఊరివైపు చూడుడి. సేలంలో నేరము మోపుట 1693తో ముగిసెను. మనదేశమున ముగియలేదు. హత్యలకు కారణములు వ్రాయు జాతీయ నేర లెక్కలలో మంత్రవిద్య అనుమానము నేటికిని ఒక కారణముగా నమోదగుచున్నది. మన పొరుగు రాష్ట్రమైన ఒడిశా 2013లో దీనికొరకు ప్రత్యేక చట్టము చేయవలసివచ్చెను. తెలుగు గ్రామములలో చేతబడి చేసెనని, బాణామతి పెట్టెనని చెప్పి ముసలివారిని కొట్టిన సంగతులు, పండ్లు పీకిన సంగతులు, ప్రాణము తీసిన సంగతులు మనము వినలేదా? బఱ్ఱె పాలియ్యదు, బిడ్డకు జ్వరము తగ్గదు, ఎవరో ఒక విధవరాలి పేరు చెప్పుదురు. అంతట ఊరంతయు ఆమె ముఖమును మరల గీయును.

ఇక్కడ ఒక సంగతి ఆలోచింపుడి. ఎవరు సాతానుకు ఎక్కువ ఘనత ఇచ్చుచున్నారు? అట్టముక్కతో ఎముకల వేషము వేసికొని నవ్వు పిల్లవాడా? లేక ఒక బీద ముసలమ్మ చేతిలో ఊరి ప్రాణములన్నియు ఉన్నవని నమ్మి వణకుచు కఱ్ఱ ఎత్తు పెద్దమనిషియా? మనుమని ఫోటో చూచి కోపించి, పొరుగున ఒక విధవరాలిని మంత్రగత్తె అన్నప్పుడు నోరుమూసికొను సంఘము, దోమను వడియగట్టి ఒంటెను మ్రింగినవారితో సమానము (మత్తయి 23:24). పరిపూర్ణమైన ప్రేమ భయమును వెళ్లగొట్టును (1 యోహాను 4:18). భయము వెళ్లగొట్టబడని చోట ప్రేమయే వెళ్లగొట్టబడును.

రెండు తలల యజమానుడు

మూడవది 2005 అక్టోబరులో చూపబడిన ఆఫీసు అను నాటిక. ఒక కాగితపు వ్యాపార కార్యాలయమందు అందరును హాలోవీన్ వేషములు వేసికొనియుందురు. వారిపైని అధికారి తన ముఖమువంటిదే మరియొక తలను కాగితపు గుజ్జుతో చేసి భుజముమీద పెట్టుకొనును. ఆ దినము ముగియులోగా ఒక పనివానిని ఉద్యోగమునుండి తీసివేయవలెనని పైవారు అతనికి ఆజ్ఞయిచ్చియుందురు. నెలంతయు తప్పించుకొని తప్పించుకొని కడపటి దినమునకు తెచ్చుకొనెను. అందరికిని ప్రియుడుగా నుండవలెనని అతని కోరిక. ఒకని కడుపు కొట్టవలసిన పని అతనిది. సాయంకాలమున ఒకనిని తీసివేసి, ఒంటరిగా ఇల్లు చేరి దిగులుతో కూర్చుండగా, వేషములు వేసికొనిన పిల్లలు తలుపు తట్టుదురు. అతడు దోసిళ్లతో మిఠాయిలు వారికి పోయును. అతని ముఖము వెలుగును.

ఆ నాటికలో దయ్యపు వేషము ఎవరిని భయపెట్టలేదు. నిజముగా భయపెట్టినది జీతము పోవునను మాట. రెండు తలల వేషము అతని వేషము కాదు. అదియే అతని స్థితి. ద్విమనస్కుడు తన మార్గములన్నిటను అస్థిరుడని యాకోబు వ్రాసెను (1:8). సౌలు రాజుకూడ వేరు బట్టలు తొడుగుకొని మారువేషముతో ఏన్దోరులోని సోదెకత్తె యొద్దకు రాత్రివేళ పోయెను (1 సమూ. 28:8). వేషము మార్చెను గాని లోపలి భయమును మార్చలేకపోయెను. మంచి హాస్యము మన వేషము తీసి మనలను మనకు చూపును. అట్టి నవ్వు గద్దింపుకు దగ్గర బంధువు.

చనిపోయెనని వ్రాయబడినవాడు

కడపటిది మాకు మిక్కిలి ప్రియమైనది. 1972 మొదలు 1983 వరకు చూపబడిన మాష్ అను ధారావాహిక, 1950 మొదలు 1953 వరకు జరిగిన కొరియా యుద్ధములో ఒక సైనిక వైద్యశాల కథ. 1982 నవంబరు 1న చూపిన భాగములో వైద్యులు హాలోవీన్ విందుకు వేషములు వేసికొనియుండగా గాయపడినవారు బండ్లతో వచ్చుదురు. ఒక వైద్యుడు ఆకాశమున ఎగురు వీరుని వేషముతో పనిలో దిగును. రాత్రి పనిచేయుచునే ఒకరికొకరు దయ్యముల కథలు చెప్పుకొందురు, నవ్వుకొందురు.

బయట ఒక సైనికుడు చనిపోయెనని చీటి కట్టి పెట్టబడియుండును. ముల్కాహీ అను గురువు మృతులయొద్ద ప్రార్థన చేయుటకు అతని దగ్గరకు వచ్చును. అతడు రోమను కతోలికు గురువు; మన సంఘమువాడు కాడు. అయినను అతడు చేసినది చూడుడి. మృతునికొరకు ప్రార్థించుచు ముఖమువైపు చూడగా, ఆ కంటినుండి ఒక కన్నీటిబొట్టు జారును. ఈ మనిషి బ్రదికియున్నాడని గురువు కేకవేయును. అందరు పరుగెత్తుదురు, వైద్యులు అతనిని కాపాడుదురు.

ప్రియులారా, ఆ రాత్రి అంత దయ్యముల కథలు చెప్పుకొనిరి. వాటన్నిటికంటె గొప్ప సంగతి తలుపు బయట జరిగెను. చనిపోయినవాడు లేచి భయపెట్టుట కాదు. చనిపోయెననబడినవాడు బ్రదికియుండి ఆనందపెట్టుట. వైద్యులు తొందరలో చూచి దాటిపోయిరి. ప్రార్థించుటకు వంగినవాడు మాత్రము కన్నీరు చూచెను. ప్రార్థన మనలను మనుష్యుని ముఖమునకు అంత దగ్గరగా తీసికొనిపోవును.

ఇప్పుడు యాయీరు ఇంటికి రండి. చిన్నది చనిపోలేదు, నిద్రించుచున్నదని ప్రభువు చెప్పగా అక్కడ కూడినవారు ఆయనను చూచి నవ్విరి. ఆమె చనిపోయెనని వారికి తెలియును గనుక నవ్విరి (లూకా 8:52, 53). మరణముదే కడపటి మాట అని నమ్మువాడు నవ్విన నవ్వు అది. ప్రభువు ఆ చిన్నదాని చేయిపట్టి లేపి, ఆమెకు భోజనము పెట్టుడని చెప్పెను. ఆ తరువాత ఆ ఇంట మరియొక నవ్వు పుట్టియుండును. దానిని లూకా వ్రాయలేదు గాని తలిదండ్రులు విస్మయమొందిరని వ్రాసెను. మన ప్రభువు తానే లేచిన దినమున శిష్యులు ఆయనను భూతమని తలంచి దిగులుపడగా, ఆయన వారిని మరింత బెదరించలేదు. వారియెదుట చేప ముక్క తినెను (లూకా 24:37–43). భూతమని భయపడినవారికి ఆయన చూపిన గురుతు అది.

ఒక అభ్యంతరము

చీకటి సంగతులను నవ్వులాటగా చేసిన యెడల పిల్లలకు వాటియందు అసహ్యము పోదా అని ఎవరైన అడుగవచ్చును. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. ఎఫెసులో క్రొత్తగా నమ్మినవారు తమ మంత్రపు పుస్తకములను అందరియెదుట కాల్చివేసిరి (అపొ. కార్య. 19:19), వాటిని ఆటవస్తువులుగా దాచుకొనలేదు. అట్టి జీవితమునుండి విడిపించబడి వచ్చిన కుటుంబము మన సంఘములో ఉన్న యెడల, ఆ ఇంట దయ్యపు వేషము నవ్వు పుట్టించదు. మానుచున్న గాయమును రేపును. అట్టి సహోదరుని యెదుట మన స్వాతంత్ర్యమును మానుకొనుట ప్రేమ (రోమా 14:15). ఒకడు ఆ దినమును పాటించక సంస్కరణ ఆరాధనకు పోవును. మరియొకడు పిల్లలతో గుమ్మడికాయ తొలుచును. ఒకరినొకరు తృణీకరింపకుడి. ఎవరి మనస్సున వారు నిశ్చయపరచుకొనవలెను.

అయితే భయమును పెంచి పోషించుటయే భక్తి అని మాత్రము అనుకొనవద్దు. క్రీస్తు సిలువచేత ప్రధానులను అధికారులను నిరాయుధులుగా చేసి బాహాటముగా వేడుకకు కనుపరచెనని పౌలు చెప్పుచున్నాడు (కొలొస్స. 2:15). ఓడిపోయిన శత్రువును ఆడించువాడు పిచ్చివాడు. ఓడిపోయిన శత్రువుకు మ్రొక్కువాడు అంతకంటె పిచ్చివాడు.

నవ్వును పరీక్షించుట

తెగుళ్లును అంబులును విసరి, నేను ఆడుటకే చేసితిని గదా అనువానిని సామెతల గ్రంథకర్త వెఱ్ఱివానితో పోల్చెను. కాబట్టి నవ్వు వచ్చినప్పుడు మూడు సంగతులు విచారింతము. మొదటిది, ఈ నవ్వు ఎవరి కన్నీటిమీద నిలిచియున్నది? రెబెకా నర్సువంటివారి కన్నీటిమీద నిలిచిన నవ్వు మనకు వద్దు. రెండవది, ఈ నవ్వు బలహీనుని భయమును దించుచున్నదా, లేక అతని నెత్తిన మరియొక భయము పెట్టుచున్నదా? చీకటిలో మాటువేసి చిన్నబిడ్డను బెదరించి నవ్వువాడు ధైర్యవంతుడు కాడు. మూడవది, నవ్విన తరువాత మన చేయి ఏమి చేయుచున్నది? లూసీ చేయి దుప్పటి కప్పెను. ఆలిసన్ దంపతుల చేయి డబ్బా పట్టెను. ముల్కాహీ గురువు కన్ను కన్నీరు చూచెను.

మన సంఘములలో అనేకులు నవంబరు 2వ తేదిని సమాధులయొద్దకు పోయి, గడ్డి చెక్కి, సున్నము వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగింతురు. పిల్లలు ఆ సమాధుల మధ్య పరుగులెత్తి నవ్వుదురు. పెద్దలారా, వారిని గద్దింపకుడి. అక్కడ పండుకొనియున్నది మనవారు. వారు ప్రభువునందు నిద్రించుచున్నారు. బిడ్డలు భయపడకుండ ఆడుకొనుట వారి లేపుదలకు మనము పలుకు సాక్ష్యములలో ఒకటి. అయితే ఆ సాయంకాలము ఇంటికి తిరిగి వచ్చుచు, ఊరి చివరనున్న ఆ ఒంటరి ముసలమ్మ గుడిసె ముందు ఒక్కమారు ఆగుడి. ఆమెను ఊరివారు ఏ పేరు పెట్టి పిలుచుచున్నారో విచారింపుడి. మీరు ఆమెను అవ్వా అని పిలువుడి. లోపలికి పోయి కూర్చుండుడి. మీ బిడ్డలనుకూడ వెంట తీసికొనిపొండు. ఆమెనుగూర్చి వారు ఏమి నమ్మవలెనో అక్కడనే నేర్చుకొందురు.

ప్రార్థన: మరణమును జయించిన ప్రభువా, మాలోని భయమును తీసివేయుము. మా నవ్వు ఎవరికిని గాయము కాకుండ కాపాడుము. మేము దాటిపోయినవారి కన్నీటిని చూచుటకు మమ్మును వంచుము. ఆమేన్.